భామ వేషం ఎవరిది? మైకు వచ్చాక మారిన లెక్క

ఉత్తరాంధ్ర జానపద నృత్యనాటకమైన తూర్పు భాగవతంలో సత్యభామ వేషం మగవాళ్లే కట్టాలా, ఆడవాళ్లకూ ఇవ్వాలా అన్న వాదన విజయనగరం, శ్రీకాకుళం కళాకారుల మధ్య మళ్లీ రాజుకుంది. ఈసారి పాత పద్ధతే ఉండాలనేవాళ్లు ఒపేరాను, అంటే పాశ్చాత్య సంగీత నాటకాన్ని కూడా సాక్ష్యానికి తెచ్చారు. యూరప్‌లో మగవాళ్లు ఆడపాత్రలు పాడితే హాలంతా చప్పట్లు కొడుతోంది కదా, మన దగ్గర ఎందుకు కాదంటారని వాళ్ల ప్రశ్న.

ఆడవేషాలకు పేరుపడ్డ రంగస్థల నటుడు స్థానం నరసింహారావు కట్టిన సత్యభామ గురించి, ఆడపాత్రలు ఆడవాళ్లే వెయ్యాలని మరో నటుడు బళ్లారి రాఘవ పట్టుబట్టడం గురించి తెలియనివాళ్లు లేరు. నాకు అసలు మలుపుగా కనిపించేది మైకు.

అంతకుముందు తెల్లవార్లూ ఆరుబయటే ఆట. మద్దెల హోరును దాటి చివర కూర్చున్న ముసలమ్మకు కూడా దరువు, అంటే పాత్ర పాడే పాట, వినిపించాలి. అందుకే పాట పై శ్రుతిలో సాగేది. కచేరీల్లో మగవాళ్లు మామూలుగా ఒకటి నుంచి రెండు శ్రుతి లోపు పాడతారు, ఆడవాళ్లు ఐదు, ఐదున్నరకు వెళతారు; అంకె పెరిగేకొద్దీ గొంతు ఎత్తు పెరుగుతుంది. ఆ ఎత్తు అందుకునే మగ గొంతుకు మేళంలో ఎంత విలువో చెప్పక్కర్లేదు. ఆ సాధన కూడా చిన్నది కాదు. పాడుతూ, ఆడుతూ, మధ్యలో మాటతో నవ్విస్తూ రాత్రంతా భామగా నిలబడాలి. ఆ విద్య పోకూడదన్న పెద్దల దిగులు నిజమైనదే.

కానీ మైకు వచ్చాక, చివరి వరుసకు వినపడాలన్న అవసరం తీరిపోయింది. "ఆడవాళ్లకు అంత గొంతు ఉండదు" అన్న మాట మాత్రం మిగిలింది. 1919 నుంచి సంగీత కళాశాల నడుస్తున్న ఊరు, పి.సుశీల పుట్టిన ఊరు విజయనగరం. ఇక్కడ ఆడ గొంతుకు కరువొచ్చిందంటే ఎలా నమ్మాలి? నేర్చుకుంటామని వచ్చే అమ్మాయిలు చెప్పేది ఒక్కటే: ముందు మా పాట వినండి. రాత్రి ప్రయాణాలు, బస, బట్టలు మార్చుకునే చోటు అంటూ చెప్పే ఇబ్బందులు నిజమే. అవి ఏర్పాట్లు చేస్తే తీరేవి, వాటికీ గొంతుకూ సంబంధం లేదు.

ఇక ఒపేరా సంగతి. ఇటలీ స్వరకర్త విన్చీ స్వరపరిచిన ఆర్తసెర్సె అనే ఒపేరా 1730లో రోమ్‌లో ఆడినప్పుడు అందరూ మగవాళ్లే. అక్కడ ఆడవాళ్లు రంగస్థలం ఎక్కడానికి వీల్లేదు మరి. బాల్యంలోనే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపిన గాయకులు ఆడపాత్రలు పాడారు. 2012లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో ఐదుగురు కౌంటర్‌టెనర్లు, అంటే పై గొంతుతో పాడే మగవాళ్లు, దాన్ని మళ్లీ పాడితే గొప్ప పేరొచ్చింది. మనవాళ్లు చూపేది ఇదే.

అయితే లండన్‌లో స్వరకర్త హాండెల్ ఏం చేశాడో కూడా చూడాలి. 1720 ఏప్రిల్‌లో రాదమిస్తో ఒపేరా మొదటిసారి ఆడినప్పుడు కథానాయకుడి పాత్ర పాడింది దురస్తాంతి అనే మహిళ. డిసెంబరులో ఆ పాత్ర, అలా శస్త్రచికిత్స చేయించుకున్న గాయకుడు సెనెసీనోకు వెళ్లింది. అదే దురస్తాంతి అప్పుడు కథానాయకుడి భార్య పాత్ర పాడింది. గాయకులు మారినందుకు హాండెల్ పాటల్ని సవరించి మళ్లీ రాశాడు.

మన అమ్మాయిలు అంత కూడా అడగడం లేదు. దరువు మార్చొద్దు, శ్రుతి తగ్గించొద్దు, మగవాళ్లతో పాటే మమ్మల్నీ పాడించి చూడండి అంటున్నారు.