గుంటగలగర: తెల్ల పూవు ఒక్కటే చూసి తెంపకండి

"మా పెరడంతా గుంటగలగరే అండీ" అంటూ ఫోటోలు పంపిస్తుంటారు. తెరిచి చూస్తే చాలాసార్లు అది గడ్డి చామంతి. మందుమొక్కలు పెంచే పనిలో ఉన్నాను కాబట్టి ఇలాంటి పొరపాట్లు రోజూ కనిపిస్తాయి. తప్పు మొక్కను తెంపి తలకు నూనె కాచుకుంటున్నారని తెలిస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

అపోహ: నేల మీద పాకుతూ చిన్న తెల్ల పూలు పూస్తే అది గుంటగలగరే.

రెండూ చామంతి కుటుంబానివే కాబట్టి పొరబడటం సహజం. పూవును కాసేపు వదిలేసి దాని కాడ చూడండి. గడ్డి చామంతి పూవు జానెడు పొడుగు కాడ చివర ఒంటరిగా నిలబడుతుంది. గుంటగలగర పూవు ఆకు మొదట్లోంచి వచ్చిన పొట్టి కాడ మీద ఒకటో రెండో ఉంటుంది, వెడల్పు సెంటీమీటరు కూడా ఉండదు. గడ్డి చామంతికి మధ్యలో పసుపు, చుట్టూ నాలుగైదు వెడల్పాటి రేకులు, ఒక్కో రేకు చివర నొక్కులు ఉంటాయి. గుంటగలగరకు దారప్పోగుల్లాంటి సన్నటి రేకులు బోలెడు, మధ్యభాగం కూడా తెల్లగానే ఉంటుంది. ఇక గుంటగలగర ఆకులు: సన్నగా, బల్లెం ఆకారంలో, దాదాపు తొడిమ లేకుండా, ఎదురెదురుగా వస్తాయి, తడిమితే గరుగ్గా తగులుతాయి. గడ్డి చామంతి ఆకు అంచులు మాత్రం రంపంతో లోతుగా కోసినట్టుంటాయి.

నేను ఎక్కువగా నమ్మేది ముదిరిన పూవునే. గడ్డి చామంతి గింజలకు తెల్లటి నూగు ఉంటుంది, ఊదితే ఎగిరిపోతాయి. గుంటగలగర రేకులు రాలిపోయాక పొద్దుతిరుగుడు పళ్లేన్ని బొత్తాం అంత చేసి పెట్టినట్టు ఆకుపచ్చగా మిగులుతుంది, ఆ గింజలకు నూగు ఉండదు. ఇంకా అనుమానంగా ఉంటే కాండం తుంచి వేళ్ల మధ్య నలిపి కొంచెం ఆగండి, రసం నల్లబడుతుంది. చైనా వైద్యంలో దీనికున్న పేరులో సిరా అనే మాట ఉన్నది ఇందుకే. అయితే వేలు నల్లబడింది కదా అని నెరిసిన జుట్టు కూడా శాశ్వతంగా నల్లబడుతుందనుకోకండి, అది వేరే సంగతి.

అపోహ: గుంటగలగరలో తెలుపు, పసుపు, నీలం, ఎరుపు రకాలున్నాయి.

గుంటగలగర శాస్త్రీయ నామం ఎక్లిప్టా ప్రోస్ట్రాటా, దాని పూలు తెలుపే. పసుపు గుంటగలగర అనేది స్ఫాగ్నెటికోలా అనే వేరే ప్రజాతి, పాత పేరు వెడీలియా. వెడెలోలాక్టోన్ అనే పదార్థం రెండింట్లోనూ ఉంది, అయినా మొక్కలు వేరు. తోటల్లో నేలంతా పరుచుకునే, మూడు తమ్మెల మెరిసే ఆకులతో పసుపు పూలు పూసే మొక్కను కూడా ఇదే పేరుతో పిలుస్తున్నారు. అది అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చింది, ప్రపంచంలో బాగా ఇబ్బంది పెడుతున్న 100 ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. నీలి రకం విత్తనాలని ఎవరైనా అమ్మితే మాత్రం దయచేసి కొనకండి.

ఎక్లిప్టా ఆల్బా, ఎక్లిప్టా ప్రోస్ట్రాటా రెండు వేర్వేరు మొక్కలా అని కూడా అడుగుతారు. కాదు, ఒకటే. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీన్నే రెండు పేర్లతో వర్ణించాడు, ఆ గందరగోళం ఇప్పటికీ సీసాల లేబుళ్ల మీద సాగుతోంది.

అపోహ: విత్తనం మొలవదు, అడవి మొక్క కదా.

మొలవనిది లోతుగా నాటినందుకు! దీని గింజ మొలవాలంటే వెలుతురు కావాలి. తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి వదిలేయండి, పైన మట్టి కప్పొద్దు. వాతావరణం వెచ్చగా ఉండాలి, పైపొర ఆరిపోకూడదు. కాలువల పక్కన కనిపిస్తుంది కాబట్టి నీళ్లు నిలవ ఉంచాలనుకుంటారు, ఆ అవసరం లేదు, తేమ చాలు. అంత ఓపిక లేకపోతే కణుపులున్న కొమ్మ ముక్కను తడి మట్టిలో పడుకోబెట్టండి, కణుపు దగ్గర వేర్లు వచ్చేస్తాయి.

మురుగు కాలువ గట్టున ఏపుగా ఉన్నదాన్ని చూసి చాలామంది ముచ్చటపడతారు. ఆ నీటిలోని సీసం, కాడ్మియం లాంటివి మొక్కలోకి చేరతాయి, కడిగినా పోవు. అలాంటి చోటి నుంచి ఆకు కోయకండి. గింజ మాత్రమే తెచ్చుకుని, శుభ్రమైన మట్టిలో కొత్తగా మొలిపించుకోండి.