సిగరెట్ మానేశాక పెరిగే దగ్గు: చిన్న వయసులో పదే పదే వచ్చే బ్రాంకైటిస్‌పై అపోహలు, వాస్తవాలు

పాతికేళ్లు నిండకుండానే ఏడాదికి మూడు నాలుగు సార్లు శ్వాసనాళాలు వాచే బ్రాంకైటిస్‌తో మంచం పట్టేవాళ్లు ఛాతీ వైద్యుల దగ్గరకు చేరేసరికి చేతిలో లావుపాటి ఫైలు ఉంటుంది. రకరకాల యాంటీబయాటిక్స్ రాసిన చీటీలు, దగ్గు సిరప్పుల పేర్లు, రెండు మూడు ఎక్స్‌రేలు. ప్రతి చీటీ అడుగునా "సిగరెట్ మానాలి" అని ఒక ముక్క ఉంటుంది. ఎలా మానాలో, మానిన మొదటి నెలలో ఒంట్లో ఏం జరుగుతుందో మాత్రం ఎక్కడా ఉండదు. ఆ ఖాళీలోంచే ఒక అపోహ పుడుతోంది. మిగతావన్నీ కలిపినా అది చేసేంత నష్టం చేయవు కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

అపోహ: "సిగరెట్ మానేశాకే దగ్గు ఎక్కువైంది. మానడం నా ఒంటికి పడలేదు."

వాస్తవం: పొగ శ్వాసనాళాల్లోని సిలియాను, అంటే కఫాన్ని పైకి నెట్టే సన్నని నూగును, దెబ్బతీస్తుంది. మరోవైపు శ్లేష్మ గ్రంథులను ఉబ్బించి కఫాన్ని పెంచుతుంది. తయారీ పెరిగి, బయటకు పంపే ఏర్పాటు కుంటుపడిందన్నమాట. అలా నిలవ ఉన్న కఫంలో సూక్ష్మజీవులకు చోటు దొరుకుతుంది. జలుబుగా పోవలసింది ఛాతీలోకి దిగుతుంది. ఇది చాలదన్నట్టు, పొగ తాగేవారిలో దగ్గు రిఫ్లెక్స్ (లోపల ఏదైనా అడ్డుపడితే దానంతటదే దగ్గు వచ్చే స్పందన) కూడా మొద్దుబారుతుంది. లోపల కఫం ఉన్నా రావలసినంత దగ్గు రాదు. దాన్నే చాలామంది "నాకు పెద్దగా దగ్గేమీ లేదు" అనుకుంటారు.

మానేశాక రెండు వారాల్లోనే ఆ రిఫ్లెక్స్ మళ్లీ చురుకవుతుందని పరిశోధనల్లో తేలింది. సిలియా కోలుకోవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఉబ్బిన గ్రంథులు అంత తొందరగా చిక్కవు. కఫం ఇంకా తయారవుతూనే ఉంది, దాన్ని పసిగట్టే శక్తి మాత్రం తిరిగొచ్చింది. ఈ మధ్యకాలంలో కొందరికి దగ్గు పెరుగుతుంది. అందరికీ పెరగదు, చాలామందికి మొదటి నెల రెండు నెలల్లోనే తగ్గుముఖం పడుతుంది. పెరిగిన వారికి కూడా సాధారణంగా కొన్ని వారాలే. అమెరికా, కెనడాల్లో 5,887 మంది పొగతాగేవారిని అయిదేళ్లు గమనించిన లంగ్ హెల్త్ స్టడీలో, పూర్తిగా మానేసిన వారి దగ్గు, కఫం చాలావరకు తగ్గిపోయాయి. ఆ మార్పు ఎక్కువగా మొదటి ఏడాదిలోనే కనిపించింది.

ఇబ్బంది ఏమిటంటే, నికోటిన్ లేక ఒళ్లు గిలగిలలాడే రోజులు కూడా సరిగ్గా ఇవే. చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం రెండో మూడో రోజున తారస్థాయికి చేరి రెండు నుంచి నాలుగు వారాలు సాగుతాయి. దానికి రాత్రి దగ్గు తోడైతే మనిషి ఏమనుకుంటాడు? ఒక సిగరెట్ వెలిగిస్తాడు. కాసేపటికి చిరాకు తగ్గుతుంది, కొద్ది రోజుల్లో దగ్గు కూడా మొద్దుబారుతుంది. ఇక అతనికి వేరే రుజువు అక్కర్లేదు.

ఒకసారి ఒక తల్లి తన కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. అతను మానేసి మూడో వారం నడుస్తోంది. "కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందండీ. తాగినన్నాళ్లూ ఇంత దగ్గు లేదు. రోజుకు ఒకటో రెండో తాగితే ఏమవుతుందో మీరే చెప్పండి డాక్టర్ గారూ" అంది. సిగరెట్ పెట్టె కొనిచ్చింది కూడా తనేనని ఆ తరువాత నెమ్మదిగా బయటపెట్టింది. నాకు కోపం రాలేదు. బిడ్డ రాత్రంతా దగ్గుతుంటే గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఆమె. కోపం వచ్చింది ఆమెకు ఆ సలహా ఇచ్చిన వారి మీద. "ఒక్కసారిగా మానేస్తే ఊపిరితిత్తులు తట్టుకోలేవు" అని ధైర్యంగా చెప్పే పెద్దమనిషి ప్రతి కుటుంబంలోనూ ఒకరుంటారు. ఏ పుస్తకంలో చదివారని అడిగితే జవాబుండదు. ఒక్కసారిగా మానడం వల్ల ఊపిరితిత్తులకు ఏ హానీ లేదు.

అందుకే మానే తేదీ పెట్టుకోకముందే నేను దగ్గు మాట ఎత్తుతాను. "పెరగవచ్చు, పెరిగితే భయపడకండి, సిగరెట్ వైపు మాత్రం చూడకండి" అని ఇంట్లోవాళ్లు వింటుండగా చెబుతాను. ఊరికే గొంతు గీరే పొడిదగ్గు రాత్రి నిద్ర చెడగొడుతుంటే దానికి మందు ఇవ్వవచ్చు. కఫం వచ్చే దగ్గును మాత్రం కోడీన్ సిరప్పుతో నొక్కేయవద్దు.

అలాగని ప్రతి దగ్గునూ మానడం ఖాతాలో వేసేయకూడదు. కఫంలో నెత్తురు కనిపించినా, సాయంత్రం జ్వరం వస్తున్నా, బరువు తగ్గుతున్నా, ఊపిరి తీసుకుంటే ఛాతీలో పొడిచినట్టున్నా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా వైద్యుడికి చూపించకుండా ఆగకండి. క్షయ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాల్సిందే. పొగ తాగేవారికి క్షయ ముప్పు తాగనివారి కంటే ఎక్కువ.

అపోహ: "పూర్తిగా మానకపోయినా రోజుకు ఒకటికి తగ్గించాను, చాలు."

వాస్తవం: ఆ తల్లి అడిగిన ప్రశ్నే ఇది. తగ్గించడం మానడానికి మెట్టు అయితే మంచిదే, అక్కడే ఆగిపోతే కాదు. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ ప్రకారం రోజుకు ఒక్క సిగరెట్టే తాగినా, రోజుకు ఇరవై తాగేవారికి అదనంగా ఉండే గుండెజబ్బు ముప్పులో సుమారు సగం ఉంటుంది. ఇరవైలో ఒక వంతు కాదు, సగం. పైగా సంఖ్య తగ్గినప్పుడు మనిషి తెలియకుండానే గట్టిగా పీల్చి, పొగను ఎక్కువసేపు లోపల ఉంచుకుంటాడు. "లైట్" సిగరెట్లతో జరిగేదీ ఇదే. ఫిల్టర్ మీది సన్నని రంధ్రాలు పొగను కొలిచే యంత్రంలో లెక్కను తగ్గిస్తాయి, వేళ్లు అడ్డుపడ్డాక మనిషి పీల్చేదాన్ని కాదు.

అపోహ: "మందులతో మానడమంటే ఒక వ్యసనం పోయి మరొకటి రావడమే. మనసు గట్టిగా ఉంటే చాలు."

వాస్తవం: మనసు గట్టిగా ఉండీ నాలుగుసార్లు ఓడినవాళ్లే నా ముందు కూర్చుంటారు. అదే పనిగా వచ్చే బ్రాంకైటిస్‌కు మూలం నికోటిన్ కాదు, పొగలో ఉన్న మిగతా చెత్త. చర్మానికి అంటించే ప్యాచ్, నమిలే గమ్ నికోటిన్‌ను పొగ లేకుండా ఇస్తాయి, తరువాత నెమ్మదిగా తగ్గించేస్తాం. ప్యాచ్ ఒక్కటే వాడేకన్నా దానికి గమ్ జోడిస్తే మానేవారి సంఖ్య పెరుగుతుంది. ఏది ఎంత మోతాదు అన్నది తేల్చడానికి నేను మొదట అడిగేది "రోజుకు ఎన్ని?" అని కాదు, "లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారు?" అని. అరగంటలోపు అయితే పట్టు గట్టిగా ఉన్నట్టు లెక్క; అలాంటివారికి గమ్ 2 మిల్లీగ్రాములది కాదు, 4 మిల్లీగ్రాములది కావాలి.

"గమ్ వాడాను, పనిచేయలేదు" అన్నవాళ్లను ఎలా నమిలారో చూపించమంటాను. ఎక్కువమంది చూయింగ్ గమ్‌లా ఆపకుండా నమిలి, లాలాజలం మింగేస్తారు. నికోటిన్ కడుపులోకి పోయి ఎక్కిళ్లు, మంట. నోట్లో చురుకుమనే వరకు నమిలి, చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి. చురుకు తగ్గాక మళ్లీ నాలుగుసార్లు నమిలి మరోచోట పెట్టాలి. వేసుకునే ముందు పావుగంట కాఫీ, కూల్‌డ్రింక్ వద్దు. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు.

ప్యాచ్ ఒక్కటో గమ్ ఒక్కటో వాడేకన్నా వారెనిక్లిన్ అనే మాత్ర బాగా పనిచేస్తుంది. సాధారణంగా మానే తేదీకి వారం ముందు మొదలుపెట్టి 12 వారాలు వాడతారు. ఇది, మానడానికి ఇచ్చే మరో మాత్ర బుప్రొపియాన్ రెండూ వైద్యుడు చూసి రాయవలసినవి.

ఇక మిగతావి గబగబా.

అపోహ: "కఫం పచ్చగా ఉంది, ఈసారి గట్టి యాంటీబయాటిక్ కావాలి." ఆ రంగు మన తెల్లకణాల్లోని ఎంజైముది. వైరస్‌తో వచ్చినా కఫం పచ్చబడుతుంది. అప్పటికప్పుడు వచ్చే బ్రాంకైటిస్‌లో అధిక శాతం వైరస్‌లవే. యాంటీబయాటిక్ దగ్గును తగ్గించేది సగటున అరరోజు. దగ్గు సగటున 18 రోజులు ఉంటుంది, జనం వారం పదిరోజుల్లో పోవాలనుకుంటారు. మొదటి కోర్సు, రెండో కోర్సు అయ్యి మూడోది మొదలుపెట్టేసరికి దగ్గు దానంతటదే తగ్గే రోజు వస్తుంది. పేరు మాత్రం మూడో మందుకు. న్యుమోనియా అనుమానం ఉంటే సంగతి వేరు.

అపోహ: "ఎక్స్‌రే బాగుంది, ఊపిరితిత్తులు బాగున్నట్టే." బ్రాంకైటిస్ ఎక్స్‌రేలో సాధారణంగా కనిపించదు. అది తీసేది న్యుమోనియా, క్షయ లాంటివి ఉన్నాయేమో చూడటానికి. ఇలా పదే పదే వచ్చేవారికి కావలసింది స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊది ఊపిరి బలాన్ని కొలిచే పరీక్ష. అందులో కొందరికి అసలు జబ్బు ఆస్తమా అని బయటపడుతుంది. పొగ తాగుతూ ఉంటే ఆస్తమాకిచ్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ కూడా సరిగా పనిచేయదు. చిన్న వయసులోనే నాళాలు మూసుకుపోతున్నట్టు తేలితే ఊపిరితిత్తులను కాపాడే ఒక ప్రోటీన్ పుట్టుకతోనే తక్కువగా ఉందేమో చూసే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ పరీక్ష చేయించాలి.

అపోహ: "వేపింగ్ (ఇ-సిగరెట్) అయితే ఉత్త ఆవిరే." ఉత్త ఆవిరి కాదు. బ్రాంకైటిస్‌తో బాధపడే నాళాలకు అది విశ్రాంతి ఇవ్వదు.

ఇంట్లోవాళ్లకు రెండు మాటలు. జేబులు వెతకడం, వాసన చూడటం, అందరిముందు నిలదీయడం వల్ల సిగరెట్ మానరు, దాచడం నేర్చుకుంటారు. దాచేవాడు వైద్యుడి దగ్గర కూడా దాస్తాడు. అమ్మాయిలైతే మరీనూ, మూడో విజిట్ వరకు ఆ సంగతి నోట రాదు. అందుకే వాళ్లతో కాసేపు విడిగా మాట్లాడతాను. మీ పిల్లలో, తమ్ముడో, భర్తో మానే ప్రయత్నంలో ఉంటే ఎదురుగా మీరు కాల్చకండి, ఇంట్లో యాష్‌ట్రే ఉంచకండి. మొదటి మూడు వారాల చిరాకును మీ మీద కోపంగా తీసుకోకండి. దగ్గు పెరిగితే కంగారుపడి పెట్టె తెచ్చివ్వకండి, పైన చెప్పిన ప్రమాద లక్షణాలు ఉన్నాయేమో చూసి వైద్యుడికి ఫోన్ చేయండి. మధ్యలో ఒకటి తాగేసినా ప్యాచ్ తీసి పారేయనక్కర్లేదు. ఏ వేళకు, ఎవరి పక్కన ఉన్నప్పుడు తాగాడో కాగితం మీద రాసుకుని తరువాతి విజిట్‌కు తీసుకురమ్మనండి. మోతాదు మార్చాలో, సాయంత్రం గమ్ పెంచాలో దాన్ని చూసే నిర్ణయిస్తాం.