గ్రీకు పాఠం పక్కనే తాపీపని: ఫానీ జాక్సన్ కాపిన్ నడిపిన బడి

కూటికి లేని ఇంటి పిల్లలకు చేతిపని నేర్పితే చాలని కొందరు, పెద్ద చదువులు చదివించాల్సిందేనని కొందరు ఇవాళ్టికీ వాదించుకుంటూనే ఉన్నారు. అమెరికా నల్లజాతి చరిత్రలో ఈ తగువు అనగానే ఇద్దరు నల్లజాతి నాయకులు, చేతిపనుల వైపు బుకర్ టి. వాషింగ్టన్, ఉన్నత విద్య వైపు డబ్ల్యూ. ఇ. బి. డుబాయిస్ గుర్తొస్తారు. 1881లో వాషింగ్టన్ అలబామా రాష్ట్రంలో టస్కెగీ బడి తెరిచేనాటికే ఫిలడెల్ఫియాలో ఒక పెద్ద బడిని పన్నెండేళ్లుగా నడుపుతున్న స్త్రీ ఒకరున్నారు. ఆమె ఫానీ జాక్సన్ కాపిన్. ఆమెకు ఆ రెండూ కావాలి. బానిసగా పుట్టిన మనిషి రెండూ కావాలని అడగడానికి వెనక ఉన్న కథ ఇది.

ఫానీ 1837లో వాషింగ్టన్ నగరంలో పుట్టింది. తల్లి బానిసైతే బిడ్డా బానిసేనన్నది అప్పటి చట్టం. ఆమె తాత డబ్బు కూడబెట్టి ముందు తనను తాను కొనుక్కున్నాడు, తర్వాత పిల్లల్ని విడిపించుకున్నాడు. ఫానీ తల్లి లూసీని మాత్రం విడిపించలేదు. తన పుట్టుకే అందుకు కారణమని ఫానీ తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఆ పిల్లను ఆదుకున్నది పిన్ని సారా. నెలకు ఆరు డాలర్ల జీతానికి పనిచేస్తూ 125 డాలర్లు కూడబెట్టి ఆమెను కొని విడిపించింది. అంటే తిండికీ బట్టకూ పైసా ఖర్చు పెట్టకపోయినా ఇరవై నెలలకు పైబడిన జీతం. ఆ చేతుల కష్టాన్ని ఫానీ బతికున్నంత కాలం తలుచుకుంది.

స్వేచ్ఛ దొరికినంత మాత్రాన చదువు దొరకలేదు. దక్షిణాది రాష్ట్రాలు చాలావాటిలో బానిసలకు అక్షరాలు నేర్పడమే నేరం. ఉత్తరాదిలో అలాంటి చట్టం లేకపోయినా, పొట్టపోసుకోవడానికి పనిచేసే పిల్లకు బడికి వెళ్లే తీరిక ఎక్కడిది? పద్నాలుగేళ్ల వయసులో రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌లో జార్జ్ కాల్వర్ట్ అనే సంపన్నుడి ఇంట్లో పనికి కుదిరింది. తన జీతంతోనే ఒక టీచరును పెట్టుకుని వారానికి మూడు మధ్యాహ్నాలు, రోజుకొక గంట చదువుకుంది. అక్కడ ఉన్న ఆరేళ్లూ ఆ గంటను వదులుకోలేదు. తర్వాత రోడ్ ఐలాండ్‌లోనే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చేరింది. 1860లో ఒహాయోలోని ఓబర్లిన్ కాలేజీకి వెళ్లింది.

నల్లవాళ్లనూ ఆడవాళ్లనూ చేర్చుకునే కాలేజీలు ఆనాడు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఓబర్లిన్ వాటిలో ఒకటి. అక్కడ కూడా ఆడవాళ్లకు ఒక కోర్సు, మగవాళ్లకు ఒక కోర్సు ఉండేవి. మగవాళ్ల కోర్సులో లాటిన్, గ్రీకు, గణితం గట్టిగా చెప్పేవారు. ఆడవాళ్లు అందులో చేరకూడదన్న నిషేధం లేదు గానీ, చేరమని ఎవరూ ప్రోత్సహించేవారు కాదు. ఫానీ అందులోనే చేరింది. క్లాసులో పాఠం అప్పజెప్పడానికి లేచిన ప్రతిసారీ తన జాతి మొత్తం గౌరవం తన భుజాల మీదే ఉన్నట్టు అనిపించేదని రాసింది. తప్పు చెబితే అది ఒక ఫానీ తప్పు కాదు, నల్లవాళ్లకు చదువు రాదనడానికి సాక్ష్యమైపోతుంది. ఇంత బరువు మోస్తూ గ్రీకు వ్యాకరణం నేర్చుకున్న విద్యార్థిని గురించి చదువుతుంటే నాకు గుండె బరువెక్కుతుంది.

పై తరగతుల విద్యార్థులతో ప్రవేశ తరగతులకు పాఠాలు చెప్పించే పద్ధతి ఓబర్లిన్‌లో ఉండేది. ఆ అవకాశం ఫానీకి ఇస్తూ కాలేజీ ఒక షరతు పెట్టింది. పిల్లలు ఎదురు తిరిగితే మాత్రం తాము బలవంతం చేయబోమని. ఎవరూ ఎదురు తిరగలేదు. పైగా ఆమె క్లాసులో చేరేవాళ్లు ఎక్కువైపోయి దాన్ని రెండుగా విడగొట్టాల్సి వచ్చింది. అదే రోజుల్లో అంతర్యుద్ధం వల్ల విడుదలై ఆ ఊరికి చేరుతున్న బానిసలకు ఆమె సాయంత్రం బడి నడిపింది. పగలు గ్రీకు, రాత్రి అక్షరాలు. ఆమె తర్వాత చేసిన పనంతటికీ మూలం ఇక్కడే ఉందని నేననుకుంటాను.

1865లో పట్టా పుచ్చుకోగానే ఫిలడెల్ఫియాలో నల్లజాతి యువత కోసం పెట్టిన బడి, ఇన్‌స్టిట్యూట్ ఫర్ కలర్డ్ యూత్, ఆమెను పిలిచింది. క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన రిచర్డ్ హంఫ్రీస్ తన వీలునామాలో రాసిచ్చిన 10,000 డాలర్లతో 1837లో మొదలైన సంస్థ అది. ఆమె ఆడపిల్లల విభాగాన్ని చూసుకునేది. 1869లో ప్రిన్సిపాల్ ఎబెనెజర్ బాసెట్‌ను ప్రభుత్వం హైతీకి దౌత్య ప్రతినిధిగా పంపడంతో ఆ కుర్చీ ఫానీకి దక్కింది. ఒక స్త్రీ, అదీ నల్లజాతి స్త్రీ, మగ ఉపాధ్యాయులున్న అంత పెద్ద బడికి అధిపతి కావడం ఆనాటికి చిన్న విషయం కాదు. ఆ బడిలోనే పాఠాలు చెప్పే ఆక్టేవియస్ కాటోను 1871 అక్టోబరు 10న, ఎన్నికల రోజున, నడివీధిలో కాల్చి చంపారు. నల్లవాళ్ల ఓటు హక్కు కోసం నిలబడటమే అతని నేరం. ఆమె బడి నడిపింది అలాంటి ఊళ్లో.

ఆమె బెత్తం దెబ్బలు ఆపించింది. పిల్లల చదువూ నడవడీ ఎలా ఉన్నాయో తల్లిదండ్రులకు రాసి పంపే పద్ధతి పెట్టింది. బడిలో గ్రీకు, లాటిన్, త్రికోణమితి సాగుతూనే ఉన్నాయి. అక్కడ చదివినవాళ్లు ఎందరో టీచర్లయ్యారు. టీచర్లు కాలేని మిగతా పిల్లల మాటేమిటన్న ప్రశ్న ఆమెను వదల్లేదు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన అమెరికా స్వాతంత్ర్య శతవార్షిక ప్రదర్శనలో రష్యా సాంకేతిక పాఠశాల పిల్లల పనితనం చూపించారు. దాని ప్రభావం ఆమె మీద గట్టిగా పడింది. ఆ నగరంలో నల్ల కుర్రాడు చేతిపని నేర్చుకోగలిగే చోట్లు రెండే రెండని ఆమె కుండబద్దలు కొట్టి చెప్పేది: ఒకటి దారితప్పిన పిల్లల్ని ఉంచే నిర్బంధ గృహం, రెండోది జైలు. అంటే ముందు నేరం చేస్తేనే వృత్తి నేర్పుతారు. తెల్ల కార్మికుల సంఘాలు నల్లవాళ్లను పని దగ్గరికి రానిచ్చేవి కావు.

దానికోసం ఆమె ఊరూరా మాట్లాడింది, చందాలు పోగుచేసింది. పదేళ్లకు పైగా పట్టింది. చివరికి 1889 జనవరిలో పారిశ్రామిక విభాగం తెరుచుకుంది. తాపీపని, గోడలకు గిలాబా, వడ్రంగం, చెప్పుల తయారీ, అచ్చుపని, దర్జీపని, ఆడవాళ్ల దుస్తులూ టోపీలూ కుట్టడం, షార్ట్‌హ్యాండ్, టైపు, వంట నేర్పేవారు. తాపీపని గ్రీకు స్థానంలోకి రావాలని ఆమె ఏనాడూ అడగలేదు. తలుపు మూసేసిన వృత్తుల్లోకి దారి కావాలని అడిగింది.

1902లో, 37 ఏళ్ల కొలువు తర్వాత ఆమె తప్పుకుంది. ఆ వెంటనే సంస్థ నిర్వాహకులు బుకర్ టి. వాషింగ్టన్ ఆలోచనలకు దగ్గరివాడైన హ్యూ బ్రౌన్‌ను తెచ్చి, బడిని నగరానికి 25 మైళ్ల దూరంలో చేనీ అనే చోట ఉన్న పొలానికి మార్చారు. పాత ఉన్నత పాఠ్యక్రమం పోయింది. ఆమె పక్కపక్కన నిలబెట్టిన రెండింటిలో ఒకదాన్నే ఉంచారు. అక్షరం నేర్చుకోవాలా, ఇటుక పేర్చాలా అన్నది ఆ పిల్లల తరఫున వేరెవరో తేల్చేయడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. ఆ బడే ఇవాళ్టి చేనీ విశ్వవిద్యాలయం.

ఆమె మాత్రం బిషప్ అయిన భర్త లెవీ కాపిన్‌తో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు వెళ్లి, అక్కడ మరో బడి పనిలో పడింది. ఆరోగ్యం చెడి తిరిగొచ్చి 1913 జనవరిలో ఫిలడెల్ఫియాలో కన్నుమూసింది. 1926లో బాల్టిమోర్‌లో నల్లజాతి టీచర్లను తయారుచేసే పాఠశాలకు ఆమె పేరు పెట్టారు. అదిప్పుడు కాపిన్ స్టేట్ యూనివర్సిటీ.