క్యాంపస్ ఫుడ్ బ్యాంక్: కౌంటర్‌కు రెండు వైపులా విద్యార్థులే

సొట్టపడిన ఆహారపు రేకు డబ్బా చేతికి వస్తే ముందు అతుకు చూడాలి. సొట్ట అతుకు మీద ఉంటే పారేయాలి. మూత ఉబ్బినా అంతే. పక్కన కాస్త నొక్కుకుపోయిందంటే పర్వాలేదు, అరలో పెట్టేయొచ్చు. అమెరికాలో ఫుడ్ బ్యాంకులో, అంటే దానంగా వచ్చిన తిండి సరుకులు అవసరమైనవాళ్లకు ఉచితంగా అందించే చోట, వలంటీరుగా చేరిన కాలేజీ విద్యార్థికి మొదట నేర్పే పనుల్లో ఇదొకటి.

అసలు ఫుడ్ బ్యాంక్ అన్నది 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో పుట్టింది. జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన అక్కడ ఒక ఉచిత భోజనశాలలో సాయం చేసేవారు. కిరాణా దుకాణం చెత్తడబ్బాల్లో తినదగినవి ఏరుకుని పిల్లల్ని పోషిస్తున్న ఒక తల్లి, డబ్బుకు ఉన్నట్టు తిండికీ ఒక బ్యాంకు ఉంటే బాగుండునని ఆయనతో అందట. సెయింట్ మేరీస్ చర్చి ఆసరాతో ఆయన ఆ బ్యాంకు పెట్టారు. సరుకులు దానం చేసే కంపెనీలకు 1976లో పన్ను రాయితీ వచ్చింది. మంచి మనసుతో ఇచ్చిన ఆహారం విషయంలో దాతల మీద కేసులు పడకుండా 1996లో ఇంకో చట్టం వచ్చింది.

ఫుడ్ బ్యాంక్ ముందు క్యూలో విద్యార్థి కూడా నిలబడతాడని చాలాకాలం ఎవరికీ తట్టలేదు. ఉన్నవాళ్ల పిల్లలు కూడా ఫుడ్ స్టాంపులు (పేదలకు తిండి కొనుక్కోవడానికి ప్రభుత్వమిచ్చే సాయం) తీసుకుంటున్నారన్న ఫిర్యాదుతో 1980లో చట్టం సవరించి, కాలేజీ విద్యార్థుల్లో చాలామందిని తప్పించారు. వారానికి 20 గంటలు ఉద్యోగం చేసేవాళ్లకు, చిన్నపిల్లలున్నవాళ్లకు, ఇంకా కొందరికి మినహాయింపు ఉంది. తర్వాత ఫీజులు పెరిగాయి, అద్దెలు పెరిగాయి, పేదింటి పిల్లలు కాలేజీ మెట్లెక్కారు. రూలు మాత్రం పెద్దగా మారలేదు. అసలు తప్పు ఇక్కడే జరిగిందని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ లోటు విద్యార్థులే పూడ్చుకున్నారు. 1993లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో విద్యార్థులే నడిపే ఫుడ్ బ్యాంక్ మొదలైంది. అమెరికాలో ఇలాంటివాటిలో అదే మొదటిది. 2012లో ఆ యూనివర్సిటీ, ఒరెగాన్ స్టేట్ కలిసి క్యాంపస్ ఫుడ్ బ్యాంకులకు ఒక సంఘం పెట్టాయి. 2018 నాటికి 650కి పైగా కాలేజీల్లో ప్యాంట్రీలు (విద్యార్థులకు ఉచితంగా సరుకులిచ్చే చోట్లు) ఉన్నాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం లెక్కతేల్చింది. అది పరిశీలించిన 31 అధ్యయనాల్లో ఎక్కువభాగం, నూటికి 30 మందికి పైగా విద్యార్థులకు తిండికి ఇబ్బందేనని చెప్పాయి.

ఎంఎస్‌కి వెళ్లిన మన పిల్లల సంగతి ఇంకా కష్టం. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఫుడ్ స్టాంపులు రావు. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఇక్కడ ఇల్లు తాకట్టు పెట్టి తీసుకున్న లోన్ టెన్షన్ ఎలాగూ ఉంటుంది. అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా?" అంటే "తిన్నానమ్మా" అనే చెబుతారు.

వెనకటికి మన ఊళ్లలో వారాలు చేసుకుని చదువుకునేవాళ్లు. రోజుకో ఇంట్లో భోజనం. అదీ కొన్ని కులాల పిల్లలకే దక్కిన వెసులుబాటు. వారాలబ్బాయి ఏ రోజు ఎవరింట్లో తింటాడో ఊరందరికీ తెలిసేది. క్యాంపస్ ప్యాంట్రీలో చాలాచోట్ల స్టూడెంట్ కార్డు చూపిస్తే చాలు, ఎందుకొచ్చావని అడగరు. పెద్ద బస్తాలోంచి బియ్యం చిన్న కవర్లలోకి పోసి ముడివేస్తున్న వలంటీరు, పోయిన వారం ఆ కవరే ఇంటికి పట్టుకెళ్లి ఉండొచ్చు.