ర్యాంకు, ఎర్రబురద, కొండవాన: రాయగడ పిల్లలకు ఉత్తరం

పర్లాకిమిడి

చిరంజీవులు రాయగడ పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

పర్యావరణంలో 180 దేశాల పట్టిక చూసి "మన దేశం 176వదా, అంత అధ్వానమా తాతయ్యా?" అని అడిగారు. మీ చదువంతా ఒడియాలో గనక, దీన్ని ఇంటి భాషలో కాస్త నిదానంగా రాస్తున్నాను.

ఆ పట్టికను అమెరికాలోని యేల్, కొలంబియా విశ్వవిద్యాలయాల వాళ్లు రెండేళ్లకోసారి వేస్తారు. 2022లో మనం చిట్టచివర, 180. 2024లో 176. ఆ రెండేళ్లలో మన గాలీ నీళ్లూ నాలుగు మెట్లు బాగుపడ్డాయనుకోకండి. 2022లో వాతావరణ మార్పుకు నూటికి 38 మార్కులు ఉండేవి, 2024లో 30 చేశారు. ప్రశ్నపత్రం మారితే ర్యాంకూ మారుతుంది. లెక్క కట్టే తీరూ ముఖ్యమే. తలకింత అని లెక్క కడితే ఏడాదికి మన దేశంలో మనిషి వాటా కార్బన్ డయాక్సైడ్ 2 టన్నుల చిల్లర, అమెరికాలో 14 టన్నుల దాకా ఉంటుంది. అలాగని ఆ పట్టికను కొట్టిపారేయకండి. మన ఊళ్లలో పీల్చే గాలి బాగాలేదన్నది నిజం, అక్కడ మార్కులు తగ్గడం న్యాయమే.

పొగ దేశానికో తీరుగా ఎందుకుంటుందో తెలియాలంటే ఇప్పుడు వంటింట్లో అల్యూమినియం గిన్నె ఒకటి తెచ్చుకుని ముందు పెట్టుకోండి. నాలుగైదు టన్నుల బాక్సైట్ అనే ఖనిజం తవ్వితే రెండు టన్నుల అల్యూమినా అనే తెల్లటి పొడి వస్తుంది, దాన్నుంచి ఒక టన్ను లోహం. ఆ ఒక్క టన్ను కరిగించి తీయడానికి దాదాపు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. నార్వే, ఐస్‌లాండ్‌లలో ఆ కరెంటు ఎక్కువగా ఏటి నీళ్ల నుంచి వస్తుంది. మన ఒడిశాలో అంగుల్ కర్మాగారంలో బొగ్గు నుంచి. లోహం ఒకటే, పని ఒకటే, గాలిలోకి వెళ్లే పొగ మాత్రం కొన్ని రెట్లు తేడా. ఆ దేశాల వాళ్లు మనకన్నా మంచివాళ్లని కాదు, వాళ్ల కొండల్లో నీళ్లున్నాయి, మన నేల కింద బొగ్గుంది. పాత గిన్నెలు కరిగించి మళ్లీ పోస్తే కొత్తగా తీసేదాంట్లో 5 శాతం శక్తి చాలు. అందుకే పాత సామాన్ల వాడు చేసే పని నా దృష్టిలో చాలా పెద్దది.

ఆ పట్టికలో కనిపించనిది బురద. కొరాపుట్ జిల్లా దామన్‌జోడిలో, మీ రాయగడ జిల్లాలో టికిరి పక్క దొరగుడలో బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించి అల్యూమినా తీస్తారు. టన్ను అల్యూమినాకు టన్ను నుంచి టన్నున్నర ఎర్రబురద మిగులుతుంది. అది ఒళ్లు కాల్చేంత ఘాటైన క్షారం. లోహం ఏ దేశానికైనా పోతుంది, బురద మాత్రం తీసిన చోటే ఉంటుంది.

2010 అక్టోబర్ 4న హంగరీలో అజ్కా అనే ఊరి దగ్గర ఇలాంటి బురద చెరువు గట్టు ఒక మూల తెగింది. దాదాపు 10 లక్షల ఘనమీటర్లు ఊళ్ల మీద పడి పది మంది చనిపోయారు. చట్టాలకు కొదవలేని దేశమే అది.

గట్టు ఎలా తెగుతుందో లెక్కవేసి చూద్దాం. వంద హెక్టార్ల చెరువు మీద ఒక్కరోజు 200 మిల్లీమీటర్ల వాన పడితే 2 లక్షల ఘనమీటర్లు, అంటే 20 కోట్ల లీటర్లు. మట్టం 20 సెంటీమీటర్లు పెరుగుతుంది. పక్క కొండ నుంచి వచ్చే వరద దీనికి అదనం, అది మళ్లించే కాలువ పూడిపోయి ఉంటే అంతా చెరువులోకే. గట్టు తలకూ మట్టానికీ మధ్య వదిలిన ఖాళీ దీనికి సరిపోకపోతే నీళ్లు పైనుంచి పొర్లి గట్టును కోసేస్తాయి. గట్టు అడుగున ఊట తేటగా వస్తే అంత భయం లేదు. అదే ఊట మట్టిరంగు తిరిగితే లోపల గట్టు కొట్టుకుపోతోందన్నమాట, వెంటనే కింది ఊళ్లు ఖాళీ చేయించాలి. బురదను ఫిల్టర్ ప్రెస్‌లో పిండి గట్టి ముద్దగా పేరిస్తే ఈ ముప్పు చాలా తగ్గుతుంది. ఖర్చు ఎక్కువ, అయినా కొండవాన పడే మన చోట అదే సరైన పద్ధతని నా గట్టి అభిప్రాయం.

ఇక దెబ్బ తిని కోలుకునే శక్తి. మీ బడిలో బాత్యా అనేదాన్నే మనం తుఫాను అంటాం. 1999 అక్టోబర్ 29న వచ్చిన పెను తుఫానులో ఒడిశాలో పదివేల మంది దాకా పోయారు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్లపైనే వీచినా, ప్రాణనష్టం పదుల్లోనే ఆగింది. మధ్యలో రాష్ట్రం ఒక్కసారిగా ధనవంతం కాలేదు. విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టారు, తీరం వెంట షెల్టర్లు కట్టారు. ఫైలిన్‌కు ముందు దాదాపు పది లక్షల మందిని కదిలించారు.

కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా కొండల మీదికి వచ్చింది. బరఘర గ్రామంలో వానకు గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడి పది మందికి పైగా చనిపోయారు. సముద్రపు గాలికి నేర్చిన జాగ్రత్త కొండకు చాలలేదు. తీరంలో షెల్టరు లాంటి గట్టి కప్పు కిందికి చేరితే చాలావరకు గట్టెక్కుతాం. కొండల్లో ఏ కప్పు అన్నదానికన్నా అది ఏ వాలు కింద ఉందన్నది ముఖ్యం.

అందుకని మీకో పని. అడుగు నుంచి పై దాకా ఒకే వెడల్పున్న ప్లాస్టిక్ సీసా తీసుకోండి. మెడ కోసి తలకిందులుగా గరాటులా అదే సీసాలో దించండి. అడుగున గులకరాళ్లు, అవి మునిగేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గీత పెట్టి, పైకి మిల్లీమీటర్లు గీయండి. గోడలకు, చెట్లకు వాటి ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉంచండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రాసుకుని, మళ్లీ నీళ్లు సున్నా గీతకు తెండి. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. అతి భారీ పడిన రోజు కొండవాలు కింద పడుకోవద్దు. వాలు మీద కొత్త బీట కనిపించినా, చెట్లు ఒరిగినా, వాన కురుస్తుండగానే గెడ్డ (కొండవాగు) ఉన్నట్టుండి ఎండినా చీకటి పడేదాకా ఆగకండి. గెడ్డ ఎండిందంటే పైన మట్టి జారి నీటికి అడ్డుపడిందని అర్థం. గెడ్డ దారిన కాకుండా పక్కకు, ఎత్తైన చదునుకు వెళ్లండి.

గీతలు సరిగ్గా పడకపోతే సీసా తీసుకురండి, స్కేలు పెట్టి గీసిస్తాను.

ఇట్లు
మీ తాతయ్య