డైనాబుక్ తోషిబా చేయి దాటిన వైనం

లాప్‌టాప్‌ల తయారీ సంస్థ వైయోను 2025 జనవరిలో ఎలక్ట్రానిక్స్ విక్రయ సంస్థ నొజిమా సొంతం చేసుకోవడంతో, జపాన్ లాప్‌టాప్ పేర్లు ఒక్కొక్కటే ఎందుకు చేతులు మారుతున్నాయన్న పాత చర్చ మళ్లీ మొదలైంది. ఆ చర్చలో ముందుగా ప్రస్తావనకు వచ్చేది తోషిబా లాప్‌టాప్‌ల పేరు డైనాబుక్. 1989 నాటి దాని ఆరంభ వైభవం అందరికీ తెలిసిందే. అంతటి వ్యాపారంలో 80.1 శాతం వాటాను 2018లో తోషిబా సుమారు 400 కోట్ల యెన్లకే షార్ప్‌కు ఎందుకు వదులుకుందన్నదే తేలవలసిన సంగతి.

ధరల పోటీ, స్మార్ట్‌ఫోన్ల రాక దెబ్బతీశాయన్నది సాధారణంగా వినిపించే వాదన. అందులో నిజం లేకపోలేదు. అయితే తోషిబా లెక్కల్లోని అవకతవకలపై 2015 జులైలో స్వతంత్ర విచారణ సంఘం ఇచ్చిన నివేదిక చదివినవారికి ఆ సమాధానం చాలదు.

తోషిబా మెమరీ, తెర వంటి విడిభాగాలను కొని, తైవాన్ తయారీదారులకు అసలు ధర తెలియకుండా ఎక్కువ ధరకు అమ్మి, బిగించిన లాప్‌టాప్‌లను ఆ హెచ్చింపుతో సహా తిరిగి కొనేది. అసలు ధర పోటీదారులకు పొక్కకుండా చేసుకున్న ఏర్పాటుగా దీన్ని తప్పుపట్టలేం. చిక్కంతా లెక్క రాయడంలో ఉంది. విడిభాగాలు అమ్మిన రోజునే ఆ తేడా లాభంగా పుస్తకాల్లోకి ఎక్కేది కనుక, త్రైమాసికం చివర అవసరానికి మించిన సరుకును తయారీదారులకు అంటగడితే చాలు, లాభం కనిపించేది. లాప్‌టాప్‌లు తిరిగి వచ్చినప్పుడు అది హరించుకుపోయేది కాబట్టి, మరుసటి త్రైమాసికంలో ఇంకా ఎక్కువ సరుకు నెట్టవలసి వచ్చేది. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేసినట్టే. హెచ్చింపు ధర కాలక్రమంలో కొన్న ధరకు ఐదు రెట్ల దాకా వెళ్లింది. 2012 సెప్టెంబరులో, త్రైమాసికం ముగియడానికి మూడు రోజుల ముందు, లాభాన్ని 1,200 కోట్ల యెన్ల మేర పెంచాలని అధ్యక్షుడు నోరియో ససాకి ఈ విభాగాన్ని ఆదేశించారు. ఆ నెల నిర్వహణ లాభం అమ్మకాలనే మించిపోయింది! లెక్కలు చూసేవారికి ఇది కనబడలేదనుకోవడం కష్టం.

నివేదిక వెలువడ్డాక ససాకితో పాటు నాటి అధ్యక్షుడు హిసావో తనకా, మాజీ అధ్యక్షుడు అత్సుతోషి నిషిదా పదవులు వదిలారు. కంప్యూటర్ల వ్యాపారం నుంచే పైకి ఎదిగిన వ్యక్తి నిషిదా. కృత్రిమ లాభాల చాటున ఈ విభాగం అసలు నష్టాలు ఏళ్ల తరబడి కనబడకపోవడంతో సకాలంలో చక్కదిద్దే అవకాశం పోయింది. ఫుజిత్సు, వైయోలతో విలీన చర్చలు మొదలయ్యేనాటికే ఆలస్యమైంది, అవీ 2016లో ఆగిపోయాయి.

తైవాన్‌కు చెందిన హోన్ హై అధీనంలోకి అప్పటికే వెళ్లిన షార్ప్, తోషిబా నుంచి తీసుకున్న లాప్‌టాప్ సంస్థకు 2019 జనవరిలో డైనాబుక్ అనే పేరే పెట్టింది. జపాన్ ఆస్తి పరాయిపాలైందని వాపోయేవారి అసలు అభ్యంతరం ఇక్కడే. 2020 ఆగస్టులో మిగిలిన 19.9 శాతం కూడా షార్ప్‌కు బదిలీ కావడంతో తోషిబాకు లాప్‌టాప్‌లతో సంబంధం తెగిపోయింది. 2023లో తోషిబా సంస్థనే కొనుగోలు చేసిన బృందానికి నాయకత్వం వహించింది పెట్టుబడి సంస్థ జపాన్ ఇండస్ట్రియల్ పార్ట్‌నర్స్. 2014లో సోనీ నుంచి వైయోను తీసుకున్నదీ అదే సంస్థ.