కందుకూరి వారి ఇల్లు: అసలది పెళ్లిల్లు

రాజమండ్రి వెళ్లినవాళ్లు పుష్కర ఘాట్ చూసి, రోజ్‌మిల్క్ తాగి ట్రైన్ ఎక్కేస్తారు గానీ వంకాయలవారి వీధిలో వీరేశలింగం గారి ఇల్లు ఉందని చాలామందికి తెలీదు. తెలిసి వెళ్లినవాళ్లు కూడా రాజశేఖర చరిత్రం నవల రాసినాయన ఇల్లట అని ఓ ఫొటో దిగి వచ్చేస్తారు. నన్నడిగితే దాన్ని రచయిత ఇల్లుగా కంటే పెళ్లిల్లుగానే చూడాలి.

వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది, కానీ కాగితం మీద ఉంటే ఏం లాభం, పాతికేళ్లయినా మనవైపు ఆ ధైర్యం చేసినవాళ్లు లేరు. ఈయన ధవళేశ్వరంలో పనిచేసేటప్పుడే 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టారు, ఆడపిల్లలకి బడి పెట్టారు, తర్వాత రాజమండ్రి వచ్చి పంతులుగా ఉంటూ 1879లో వితంతు వివాహాల మీద ఉపన్యాసం ఇచ్చేసరికి ఊరంతా గొడవ. పండితులు ఖండిస్తూ రాయడం, ఈయన మళ్లీ జవాబు రాయడం. డబ్బు సాయానికి మాత్రం కాకినాడ షావుకారు పైడా రామకృష్ణయ్య గారు ముందుకొచ్చారు.

1881 డిసెంబర్ 11 రాత్రి ఆ ఇంట్లోనే పెళ్లి జరిగింది. పెళ్లికూతురు గౌరమ్మ, బాలవితంతువు. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. బయట పోలీసు బందోబస్తు, ఈయన శిష్యులు కాపలా, అంటే గొడవ ఏ రేంజ్‌లో ఉండేదో మీరే ఊహించుకోండి. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వెలి వేశారు, వచ్చి భోజనం చేసినవాళ్లలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తాలు కూడా చేయించుకున్నారు.

వంటవాళ్లు రావడం మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లూ మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే బిందె పట్టుకుని గోదావరికెళ్లి నీళ్లు మోసుకొచ్చి, పెళ్లికొచ్చిన అందరికీ వండి వడ్డించారు. కుళాయిలు లేని రోజులు, ఇంటినిండా జనం, దారిలో ఎదురయ్యేవాళ్ల మాటలు ఎలా ఉండుంటాయో వేరే చెప్పక్కర్లేదు కదా! ఉపన్యాసం ఇచ్చినాయన్ని యుగపురుషుడన్నాం సరే, మరి ఆవిడ పేరు మన స్కూలు పాఠాల్లో ఎన్నిసార్లు వచ్చింది చెప్పండి? అలాంటి పెళ్లిళ్లు తర్వాత దాదాపు 40 చేశారంటారు, ఆ పెళ్లికూతుళ్లని కన్నతల్లిలా చూసుకుంది కూడా ఆవిడే. ఈ దంపతులకి సొంత పిల్లల్లేరు.

1910లో ఆవిడ పోయారు. ఆస్తంతా తను పెట్టిన సేవాసంస్థ హితకారిణి సమాజానికి రాసిచ్చేసిన ఆయన 1919 మే 27న పోయింది కూడా ఆ ఇంట్లో కాదు, మద్రాసులో చరిత్రకారుడు కొమర్రాజు లక్ష్మణరావు గారింట్లో, అప్పటికీ ఆంధ్ర కవుల చరిత్ర సవరించే పనిలోనే ఉన్నారు.

వెళ్లేముందు ఆయన స్వీయచరిత్రలో ఈ పెళ్లి భాగం చదువుకుని వెళ్లండి, లేకపోతే పాత ఇల్లులా కనిపిస్తుందంతే. ఊళ్లోనే ఆనంద గార్డెన్స్‌లో ఇద్దరి సమాధులూ ఉన్నాయి, అదీ ఇదీ ఒక్కపూటలో చూసేయొచ్చు.